దీపము చుట్టు ఇంద్రధనుస్సు: కల్పనకు తర్కము శత్రువా?

రెండేండ్ల క్రిందట కార్తికమాసములో ఒక సాయంకాలము, మా యింటి తులసికోట దగ్గర నా భార్య పెట్టిన దీపము చుట్టు నాకు ఇంద్రధనుస్సు కనపడినది. లోపలి అంచు నీలము, వెలుపలి అంచు ఎఱుపు. కన్నులలో తడి చేరినదేమో అని ఉత్తరీయముతో తుడుచుకొని మరల చూచినాను. వలయము చెదరలేదు. "నీకేమైన కనపడుతున్నదా?" అని ఆమెను అడిగితే, "దీపం దీపంలాగే ఉందండీ" అని నవ్వి లోపలికి పోయినది.

ఈ సంగతి పదునైదు దినముల వఱకు ఎవరికిని చెప్పలేదు. భయము చేత కాదు. అది అందముగా ఉన్నది కనుక చెప్పలేదు. ప్రతి సాయంకాలము ఆ తులసికోట ఎదుట పీట వేసుకొని కూర్చుండేవాడను. నా జీవితమంతయు తర్కము చెప్పి బ్రదికినవాడను నేను. ఇంద్రియదోషము వలన భ్రమ ఎట్లు పుట్టునో చెప్పునప్పుడు శాస్త్రములలో తిమిరరోగి ఉదాహరణము వచ్చును. అతనికి చంద్రుడు ఇద్దఱుగా కనపడును, ఆకాశములో లేని వెండ్రుకల ముడులు కనపడును. 1973 నుండి 2007 వఱకు ముప్పది నాలుగేండ్లు ఆ తైమిరికుని తరగతిలోనికి పిలిచి, అతని జ్ఞానము అయథార్థమని నిరూపించి పంపివేసినాను. అతడు ఏమి చూచుచున్నాడో, చూచునప్పుడు అతనికెట్లుండునో ఒక్కనాడును ఆలోచింపలేదు. ఇప్పుడు ఆ ఉదాహరణము నేనే అయినాను.

చివఱకు మా అబ్బాయి కనిపెట్టి వైద్యునివద్దకు తీసికొనిపోయినాడు. ఆయన ముందుగా కంటిలోని ఒత్తిడిని పరీక్షించి, "మాస్టారూ, దీపం చుట్టూ రంగులు కనపడుతున్నాయంటే మేము మొదట నీటికాసులేమో అని భయపడతాం. మీకు అది లేదు. ఇవి శుక్లాలే" అన్నాడు. మసకబారిన కంటికటకములో వెలుగు చెదరి రంగులుగా విడిపోవుట వలన ఆ వలయము ఏర్పడునని బొమ్మ గీసి చూపినాడు. శస్త్రచికిత్స జరిగినది. మఱుసటి వారము తులసికోట దగ్గర దీపము దీపమువలెనే ఉన్నది. అక్షరములు స్పష్టముగా కనపడుతున్నందుకు సంతోషించినాను. వలయము పోయినందుకు కొంచెము వెలితిగాను ఉన్నది.

ఇంతవఱకు చెప్పినది ముసలితనములో అందఱికి జరిగెడి కథయే. దీనిని ఒక పరిశోధనపత్రికలో వ్రాయుటకు కారణము వేఱు. ఆ దీపవలయమును చూచిన రెండవనాడే నాకొకటి తోచినది. దీనిని నేను చూచుట ఇదే మొదలు కావచ్చును, కాని పూర్వమొకసారి చదివినాను. చదివి, ఎఱ్ఱసిరాతో కొట్టివేసినాను.

అది 1981. భాషాప్రవీణ చదువుతున్న ఒక విద్యార్థి తాను వ్రాసిన పద్యముల పుస్తకమును తెచ్చి నా బల్లమీద పెట్టినాడు. అందులో ఒక తేటగీతి. సంధ్యవేళ వాని తల్లి దీపము ముందు కూర్చున్నది, ఆ దీపమునకు ఇంద్రధనుస్సు చుట్టుకొన్నది, ఆకాశములో వానకు మాత్రమే దొరకు సొమ్ము మా పేదయింటి ప్రమిదకు దొరకినదని ఆమె మురిసినది. ఇది దాని భావము. నేను ఆ పద్యమును తరగతిలో చదివించి, నల్లబల్లమీద ఒక అనుమానప్రయోగము వ్రాసినాను. దీపము ఇంద్రధనుస్సు లేనిది, సూర్యకిరణములకు జలబిందువులకు సంయోగము లేదు కనుక, కుండవలె. పిల్లలందఱు నవ్వినారు. "కుండవలె" అన్నప్పుడు మఱింత నవ్వినారు. ఆ విద్యార్థియు వారితో కలిసి నవ్వినాడు. పుస్తకములో ఆ పద్యము ప్రక్కన "ప్రత్యక్షవిరుద్ధము" అని వ్రాసి యిచ్చినాను. అతడు మరల పద్యములు తీసికొనిరాలేదు.

ఆనాడు అది నాకు పెద్ద విషయముగా తోచలేదు. నేను గోదావరితీరమున ఒక పాఠశాలలో పెరిగినవాడను. మా గురువుగారు కావ్యమును నిషేధింపలేదు కాని, అది అన్నము తిన్న తరువాత వేసికొను తాంబూలమువంటిదని చెప్పేవారు. అన్నము మాత్రము తర్కసంగ్రహము, ముక్తావళి. కల్పన మీద నాకు గల అనుమానము ఆ పంక్తిలో కూర్చుండి తిన్నదే.

ఆ అనుమానమును మొదట కదిపినవారు మా కళాశాలలోని ఆంగ్లోపన్యాసకులు. ఆయనకు ధ్వన్యాలోకము చదువవలెనని కోరిక, నాకు మన భావకవులు ఎవరి చేతులు పట్టుకొని వచ్చిరో తెలిసికొనవలెనని కోరిక. 1925లో కృష్ణశాస్త్రిగారి కృష్ణపక్షము వెలువడుటయు, 1928లో అక్కిరాజు ఉమాకాన్తముగారు నేటికాలపు కవిత్వమను గ్రంథముతో ఆ కవిత్వధోరణిని ఖండించుటయు ఎఱిగినవాడనే. సహజముగా నేను ఉమాకాన్తముగారి పక్షము. ఆ కవులకు దీపమెత్తిన ఆంగ్లకవులను మాత్రము ఎఱుగను. వారములో రెండు సాయంకాలములు వరండాలో కూర్చుండి, ఒకనాడు నేను ఆయనకు ఆనందవర్ధనుని, ఒకనాడు ఆయన నాకు వర్డ్సువర్తును, కోలరిడ్జిని, షెల్లీని, కీట్సును చెప్పుకొనేవారము. అట్లు రెండేండ్లు గడచినవి.

ఒకనాడాయన లేమియా అను కావ్యమును చేపట్టినారు. కీట్సు దానిని 1819లో రచించి 1820లో ప్రకటించినాడు. కథ ప్రాచీనము. ఫిలొస్ట్రాటసు అను గ్రీకు రచయిత చెప్పినదానిని 1621లో వెలువడిన బర్టను గ్రంథమునుండి కీట్సు గ్రహించినాడు. లేమియా సర్పస్త్రీ. మానవకాంతారూపము ధరించి లిసియసు అను యువకుని వలచినది. మాయామందిరములో వివాహవిందు జరుగుచుండగా లిసియసునకు గురువైన అపొలోనియసు అను తత్త్వవేత్త పిలువని పేరంటమునకు వచ్చి, వధువును కన్నార్పక చూచి, ఇది సర్పమని ప్రకటించినాడు. ఆమె అదృశ్యమైనది. ఆ రాత్రియే శిష్యుడు మరణించినాడు. పెండ్లివస్త్రమే అతనికి ప్రేతవస్త్రమైనది. ఈ సందర్భముననే, శీతలమైన తత్త్వశాస్త్రము తాకినంతనే సౌందర్యములన్నియు ఎగిరిపోవుననియు, ఆకాశములోని ఇంద్రధనుస్సును అది విప్పివేయుననియు కవి వాపోయినాడు.

దీనికి ముందే, 1817 డిసెంబరు 28న, లండనులో హేడను అను చిత్రకారుని యింట జరిగిన విందులో, న్యూటను ఇంద్రధనుస్సును పట్టకములోని రంగులుగా తగ్గించి దాని కవిత్వమును నాశము చేసినాడని ఛార్లెసు లాంబు, కీట్సు ఏకాభిప్రాయమునకు వచ్చిరట. న్యూటను దృక్శాస్త్రగ్రంథము 1704 నాటిది. నూఱేండ్లకు పైగా గడచినను కవుల గుండెలో ఆ ముల్లు గ్రుచ్చుకొనియే ఉన్నది.

కథ విని నేను ఉపన్యాసకులతో వాదమునకు దిగినాను. "మీ కవి తత్త్వవేత్తకు అన్యాయము చేసినాడు. అపొలోనియసు చెప్పినది అబద్ధమా? ఆమె సర్పమే కదా! అతని అనుమానము సద్ధేతువు. నిజము చెప్పినవానిని దోషిగా నిలుపుట ఏమి న్యాయము?" అన్నాను. ఆయన శాంతముగా, "శాస్త్రిగారూ, మూలకథలో శిష్యుడు చనిపోడు. గురువు అతనిని రక్షించినట్లే ఉన్నది. బర్టను గ్రంథములోను మరణము లేదు. ఆ మరణమును చేర్చినవాడు కీట్సు. ఎందుకు చేర్చినాడో ఆలోచించండి" అన్నారు.

ఆలోచించినకొలది ఆ కవి నేననుకొన్నంత తేలికైనవాడు కాడని తెలిసినది. ఆమె సర్పము కాదని కీట్సు ఎక్కడను అనలేదు. సత్యము గురువు పక్షముననే ఉంచి, ప్రాణమును శిష్యునివద్దనుండి తీసినాడు. పైగా ఆయన తర్కమెఱుగని స్వప్నజీవి కాడు. 1815లో లండనులోని గైసు ఆస్పత్రిలో వైద్యవిద్యార్థిగా చేరి 1816లో వృత్తిలో ప్రవేశించుటకు అనుమతిపత్రము పొందినాడు. 1821లో రోమునగరములో క్షయవ్యాధితో ఇరువదియైదవ యేట మరణించినాడు. శరీరము ఎట్లు శిథిలమగునో శాస్త్రముగా నేర్చినవాడే ఇంద్రధనుస్సు కొఱకు దుఃఖించినాడు.

తక్కిన కవులందఱు ఒక్క త్రాటిమీద ఉన్నారనుకొనుటయు పొరపాటే. కోలరిడ్జి 1802లో డేవీ అను రసాయనవేత్త ఉపన్యాసములకు పోయి కూర్చున్నది తన ఉపమానముల నిలువను పెంచుకొనుటకే. ఆ సంవత్సరమే వర్డ్సువర్తు తన పీఠికను పెంచి వ్రాయుచు, శాస్త్రజ్ఞుల ఆవిష్కారములు మనుష్యుల అనుభవములో కలిసిననాడు కవి వారివెంట నడచుటకు సిద్ధముగా ఉండునన్నాడు. కనుక వారి కలహము బుద్ధితో కాదు. అనుభవమును వినకుండ తీర్పు చెప్పు బుద్ధితో.

ఇక్కడ నా శాస్త్రమే నన్ను ప్రశ్నించినది. ఆంధ్రుడని పెద్దలు చెప్పెడి అన్నంభట్టు తర్కసంగ్రహములో బుద్ధిని స్మృతి, అనుభవము అని రెండుగా విభజించినాడు. అనుభవము యథార్థము, అయథార్థము అని ద్వివిధము. అయథార్థము సంశయము, విపర్యయము, తర్కము అని త్రివిధము. మరి కవి కల్పన ఈ గదులలో దేనిలో ఉన్నది? ముఖము చంద్రుడని కవి అన్నప్పుడు అది స్మృతి కాదు. యథార్థము కాదు. ముఖమో చంద్రుడో అని సంశయము లేదు. ముఖము చంద్రుడు కాదని కవికి తెలియును కనుక విపర్యయమును కాదు. శ్రీశంకుకుడు చిత్రతురగన్యాయముతో చెప్పినది ఇదియే. బొమ్మగుఱ్ఱమును చూచి గుఱ్ఱమన్నప్పటి ప్రతీతి సత్యము, మిథ్య, సంశయము, సాదృశ్యము అను నాలుగింటిలో ఇమడదు.

ఈ చిక్కునకు నవ్యన్యాయములో ఒక సమాధానమున్నది. దానిని ఆహార్యజ్ఞానమందురు. కాదని తెలిసియుండియే ఇచ్ఛతో కలిగించుకొనెడి జ్ఞానము అది. బాధకజ్ఞానమున్నను అది నిలుచును. పండితరాజ జగన్నాథుడు రసగంగాధరములో అలంకారములను విచారించుచు ఈ పరిభాషను వాడినాడు. ఆయన పుట్టినది తెలుగువంశము, వ్రాసినది నైయాయికుని భాష, ఏలినది కావ్యలోకము. కోలరిడ్జి 1817 నాటి గ్రంథములో, పాఠకుడు అవిశ్వాసమును ఆ క్షణమునకు తన యిచ్ఛతో ప్రక్కన పెట్టుటయే కావ్యవిశ్వాసమన్నాడు. ఇంచుమించుగా ఆ మాట ఆహార్యజ్ఞానమునకు ఆంగ్లవేషము. ఒకరినొకరు ఎఱుగని ఇద్దఱు ఒకే వాకిట నిలిచినారు.

ఇంకొక విశేషము. తర్కమే ఆహార్యము! "నిప్పు లేకుండునేని పొగయు లేకుండవలెను" అని వాదించునప్పుడు, నిప్పు ఉన్నదని ఎఱిగియే నైయాయికుడు నిప్పు లేదని ఒక క్షణము ఊహించుచున్నాడు. లేనిదానిని ఉన్నట్లు, ఉన్నదానిని లేనట్లు భావింపలేనివాడు ఒక్క తర్కమైనను చేయలేడు. మేము కవులను వెక్కిరించునది ఏ విద్య చేతనో ఆ విద్యకు పునాదిలో వారి యిటుకయే ఉన్నది.

అయినను భేదము లేదనను. 1817 డిసెంబరులోనే కీట్సు తన సోదరులకు వ్రాసిన లేఖలో, తథ్యము కొఱకు, హేతువు కొఱకు ఆరాటపడక సందేహములలోను రహస్యములలోను నిలిచియుండగల శక్తియే గొప్పకవికి ఉండవలసినదన్నాడు. మాకు సంశయము విచారమునకు ద్వారము. గౌతముని పదునాఱు పదార్థములలో దానికి స్థానమున్నది కాని, అందులో కాపురముండుటకు అనుమతి లేదు. ద్వారము తీసికొని నిర్ణయమను యింటిలోనికి పోవలెను. కీట్సు ఆ గడపమీదనే కూర్చుండుమన్నాడు. ఈ రెండును కలియవు. ఒకే మనుష్యుడు ఒక వేళ గడపమీదను, ఒక వేళ యింటిలోను ఉండవచ్చును, అంతే. కాశ్మీరములోని జయంతభట్టు అటువంటివాడు. రాజాజ్ఞచేత నిశ్శబ్దమైన చెఱలో ఉండి, దినములు గడచుటకు న్యాయమంజరిని వ్రాసినవాడు. అందులో ధ్వనివాదమును ఒక్క పోటు పొడిచి, కవులతో ఇట్టి చర్చ మాకు శోభింపదని తప్పించుకొన్నాడు. నాటకము వ్రాసినవాడును ఆయనయే. రేపు నా సోదరుడు వచ్చునని హృదయము చెప్పుచున్నదన్న బాలిక ఉదాహరణమును గ్రహించి, అట్టి ప్రాతిభజ్ఞానమును ప్రమాణమని సమర్థించినవాడును ఆయనయే. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతములో, నిత్యనూతనమైన కవిదృష్టి, ఉన్నదానిని ఉన్నట్లు నిర్ణయించు పండితదృష్టి అను రెండింటితోను లోకమును చూచి చూచి అలసిపోయితిననియు, భగవద్భక్తివంటి సుఖము దేనిలోను దొరకలేదనియు ఒక శ్లోకములో చెప్పుకొన్నాడు. రెండింటితోను చూచిన తరువాతనే ఆయన అలసినాడు. నేను ఒక్కదానితోనే చూచి, అలసటకూడ ఎఱుగక విశ్రాంతవేతనము తీసికొన్నాను.

కంటికి చికిత్స జరిగిన నాలుగు నెలలకు ఆ విద్యార్థి నన్ను చూడవచ్చినాడు. ఉన్నతపాఠశాలలో తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నాడు. తల పూర్తిగా నెరసినది. కుశలప్రశ్నల తరువాత నా కన్నుల సంగతి చెప్పి, దీపవలయమును వర్ణించి, "నీ పద్యము నిజమేనోయి. నల్లబల్లమీద నేను వ్రాసినదే సవ్యభిచారము" అన్నాను. సూర్యుడును వానయు లేకున్నను వలయము కనపడినది కదా! హేతువున్నది, సాధ్యము లేదు. నలుబదియేండ్లు ఆలస్యముగా నా హేత్వాభాసమును నేనే పట్టుకొన్నానని కొంచెము ఉత్సాహముతోనే చెప్పినాను.

అతడు కొంతసేపు నేలచూపులు చూచి, "గురువుగారూ, మా అమ్మకు అవి నీటికాసులండీ. మాకు తెలిసేసరికి ఒక కన్ను పోయింది. రెండోది కూడా ఎక్కువకాలం నిలవలేదు. ఆ రంగులు జబ్బు లక్షణమని ఆ రోజుల్లో మాకెవరికీ తెలియదు" అన్నాడు.

నేను మాటాడలేదు. నా వైద్యుడు మొదట భయపడినది దేనికో అప్పుడు జ్ఞాపకము వచ్చినది.

అతడు నన్ను నిందింపలేదు. నాకు వైద్యము తెలియదు, నేనాపగలిగియుండేవాడనని చెప్పుట అతిశయము. కాని ఒక్కటి మాత్రము నేనడుగవలసిన ప్రశ్న. "మీ అమ్మగారు నిజముగా చూచినారా?" అని అడిగియుండవలెను. వ్యవసాయము భ్రమ అయినను "నేను చూచుచున్నాను" అను అనువ్యవసాయము ఆ చూపు కలిగినదన్న అంశములో భ్రమ కాదని మా శాస్త్రమే చెప్పును. దీపమునకు ఇంద్రధనుస్సు లేకపోవచ్చును, ఆ తల్లికి కనపడిన మాట నిజము. కనపడినదానికి కారణముండి తీరవలెను. కారణమును వెదకుట నైయాయికుని పని. నేను దానిని వదలి, కుండను ఉదాహరించి, తరగతిని నవ్వించినాను. అపొలోనియసు పిలువని పేరంటమునకు వచ్చినను కన్నార్పక చూచి మఱి మాటాడినాడు. నేను చూడనైనను చూడలేదు.

ఇంతకాలము ఈ సంగతి తలచుకొన్నప్పుడెల్ల, తర్కము ఎక్కువై ఒక కవిని పోగొట్టితినని అనుకొనేవాడను. అది నాకు నేను చెప్పుకొన్న గౌరవమైన మాట. నిజమునకు ఆనాడు నా తర్కము చాలలేదు. కవి తెచ్చినది అలంకారమని తోసివేసినాను. అది ఒక సాక్ష్యము. తల్లి మొగమును, దీపమును, ఆమె కంటి జబ్బును ఒకే పద్యములో అతడు తెచ్చి నా బల్లమీద పెట్టినాడు. కల్పన అను పేరుతో వచ్చినందున నేను దానిని విచారణకు తీసికొనలేదు.

సెలవు తీసికొనునప్పుడు, "ఆ పద్యము ఒకసారి చదువుమోయి, విందును" అన్నాను. అతడు చాలసేపు ప్రయత్నించినాడు. మొదటి పాదమునకై పెదవులు కదిపి, "లేదండీ, రావడం లేదు. ఆ పుస్తకం కూడా ఎప్పుడో పోయింది" అన్నాడు. నాకును పద్యము జ్ఞాపకము లేదు, భావము మాత్రమే మిగిలినది. కొట్టివేసిన చేతితోనే ఆ భావమును ఈ వ్యాసములో వ్రాసి ఉంచినాను. ఈ సంచిక అతనికి పంపుదును. గణములు, యతి అతడే తిరిగి కూర్చుకొనవలెను.